"మీకు క్యాన్సర్" అని డాక్టర్లు రోగికి ఎప్పటి నుంచి చెప్తున్నారు?

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ప్రశ్నాపత్రం ఉంది, అంతే. కానీ నేను ఈ మధ్య చదివిన చరిత్రలో నన్ను బాగా కుదిపేసింది ఇదే.

1961. అమెరికాలోని షికాగో నగరం. అక్కడ మైకేల్ రీస్ అని ఒక పెద్ద ఆస్పత్రి. డోనాల్డ్ ఓకెన్ అనే సైకియాట్రిస్టు ఆ ఆస్పత్రి డాక్టర్లను ఒక ప్రశ్న అడిగాడు. మీ పేషెంట్‌కి క్యాన్సర్ అని తేలింది, ఆ సంగతి పేషెంట్‌కి చెప్తారా, చెప్పరా? 219 మంది డాక్టర్ల అభిప్రాయాలు వచ్చాయి. వాళ్ళలో 90 శాతం మంది, చెప్పకుండా ఉండటానికే మొగ్గు చూపుతాం అన్నారు.

తొంభై శాతం! అదీ అమెరికాలో. సినిమాల్లో డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి "మీకు ఆరు నెలలు టైముంది" అని చెప్పే అమెరికాలో.

ఇప్పుడు 18 ఏళ్ళు ముందుకు వెళ్దాం. 1979లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో అదే తరహా సర్వే మళ్ళీ చేశారు. 264 మంది డాక్టర్లు జవాబిచ్చారు. ఈసారి 97 శాతం మంది, పేషెంట్‌కి చెప్పడమే మా పద్ధతి అన్నారు.

లెక్క మొత్తం తిరగబడింది. ఆస్పత్రి వేరు, ఊరు వేరు, 1979లో ఫారం అందుకున్న వాళ్ళలో సగం మంది కూడా జవాబివ్వలేదు, నిజమే. డేటా చూసే అలవాటున్న వాళ్ళకి ఈ అనుమానాలన్నీ వస్తాయి, నాకూ వచ్చాయి. అయినా 90 నుంచి 3కి పడిపోవడం అనేది సర్వేలో పొరపాటు వల్ల వచ్చే తేడా కాదు. ఒక్క తరంలోనే డాక్టర్లు మారిపోయారు. ఎలా?

అంతకన్నా ముందు, అసలు ఎందుకు దాచేవాళ్ళు అనేది చూడాలి. ఎందుకంటే వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకి నేర్పిందే అది.

మన చరక సంహితలో విమానస్థానం ఎనిమిదో అధ్యాయం ఉంటుంది. వైద్యం నేర్చుకోబోయే శిష్యుడికి గురువు చెప్పే నియమాలు అందులో ఉంటాయి. రోగి ఆయుష్షు అయిపోతోందని నీకు తెలిసినా, చెప్తే రోగికో పక్కవాళ్ళకో దెబ్బ తగిలేలా ఉంటే అక్కడ ఆ మాట అనకు, అని ఒక నియమం. అటు గ్రీకుల వైపు చూస్తే, హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న పుస్తకాల్లో ఒకటి దాదాపు ఇదే చెప్తుంది. వైద్యం చేస్తూ చాలా విషయాలు రోగికి తెలియనివ్వకు, ముందు ఏం జరగబోతోందో చెప్పకు, అలా చెప్పడం వల్ల చాలామంది పరిస్థితి ఇంకా దిగజారింది అని. రెండు వేర్వేరు నాగరికతలు, సలహా ఒకటే.

తర్వాత 1803కి వద్దాం. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో థామస్ పర్సివల్ అనే డాక్టర్ వైద్య నీతి మీద ఒక పుస్తకం రాశాడు. 1847లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మొదలైనప్పుడు వాళ్ళు రాసుకున్న నియమావళిలో చాలా భాగం ఆ పుస్తకం నుంచి తీసుకున్నదే. దాని సారాంశం ఏంటంటే, డాక్టర్ నోటి మాటతో, చివరికి ముఖకవళికలతో కూడా రోగి ఆయుష్షు తగ్గిపోవచ్చు. కాబట్టి చెడు కబురు చెప్పాల్సి వస్తే ముందు బంధుమిత్రులకు చెప్పు.

"ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పండి." ఈ మాట ఎక్కడో విన్నట్టు ఉంది కదా? దాని దగ్గరికి వస్తాను.

అప్పుడు కూడా ఎదురు మాట్లాడిన వాళ్ళు లేకపోలేదు. 1849లో వర్తింగ్టన్ హుకర్ అనే అమెరికన్ డాక్టర్, రోగికి అబద్ధం చెప్పడం తప్పు అని గట్టిగా రాశాడు. 1903లో బోస్టన్ డాక్టర్ రిచర్డ్ క్యాబట్ ఇంకో అడుగు ముందుకేశాడు. వైద్యంలో నిజం, అబద్ధం అనే విషయం మీదే వ్యాసం రాసి, తన పేషెంట్లకి నిజం చెప్పి చూశానని, అందరూ భయపెట్టినంత ఘోరం ఏమీ జరగలేదని చెప్పాడు. ఎంతమంది విన్నారు? 1961 సర్వే చూస్తే తెలుస్తూనే ఉంది.

దాచడం అంటే చిన్న విషయం కాదు. ఎంత దూరం వెళ్ళేదో ఒక్క ఉదాహరణ చెప్తాను.

ఎవా పెరోన్. అర్జెంటీనా అధ్యక్షుడి భార్య. ఎవిటా అంటే ఆ దేశంలో లక్షలమందికి ప్రాణం. 1951లో ఆమెకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేయడానికి న్యూయార్క్ నుంచి జార్జ్ ప్యాక్ అనే పేరున్న సర్జన్‌ని రహస్యంగా రప్పించారు. ఆమెకి మత్తు ఇచ్చి, స్పృహ పోయాక ఆయన గదిలోకి వచ్చి ఆపరేషన్ చేశాడు. ఆమెకి మెలకువ వచ్చేసరికి వెళ్ళిపోయాడు. తనకి ఆపరేషన్ చేసింది అర్జెంటీనా డాక్టరే అని ఆమె అనుకుంది. ప్యాక్ అనే మనిషి ఒకడు వచ్చి వెళ్ళాడని కూడా ఆమెకి తెలియనివ్వలేదు. క్యాన్సర్ అన్న మాట చెప్పలేదు. 1952 జులై 26న చనిపోయింది. వయసు 33.

దేశంలో అందరికన్నా పలుకుబడి ఉన్న ఆడమనిషి. ఆమె శరీరం గురించి ఆమెకి తప్ప చుట్టూ ఉన్న వాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు మళ్ళీ షికాగో. 1965. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సైకియాట్రిస్టు అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రిలో పనిచేస్తోంది. క్రైస్తవ మత విద్య చదివే నలుగురు విద్యార్థులు ఆమె దగ్గరికి వచ్చి, మరణం గురించి అర్థం చేసుకోవాలి, సాయం చేయండి అన్నారు. ఆమె చెప్పింది చాలా సింపుల్. చనిపోబోతున్న వాళ్ళనే అడుగుదాం, వాళ్ళకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

సరే అని వార్డులు తిరిగింది. ఏ డాక్టర్‌ని అడిగినా ఒకటే వరస. నా పేషెంట్ బాగా నీరసంగా ఉన్నాడు, మాట్లాడే ఓపిక లేదు, మాట్లాడటం ఇష్టం లేదు. అంత పెద్ద ఆస్పత్రిలో చనిపోబోయే పేషెంట్ ఒక్కరు కూడా లేనట్టే మాట్లాడారట!

చివరికి ఒక ముసలాయన దొరికాడు. ఆమెని చూడగానే కూర్చో, ఇప్పుడే మాట్లాడుకుందాం అన్నాడు. ఆమె, ఇవాళ కాదు, రేపు మా స్టూడెంట్స్‌ని తీసుకుని వస్తాను అని చెప్పి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చేసరికి ఆయనకి మాట పెగలడం లేదు. ప్రయత్నించినందుకు థాంక్స్ అని మాత్రం అనగలిగాడు. గంట తిరక్కుండానే పోయాడు. ఈ సంగతి ఆమే తన పుస్తకంలో రాసుకుంది. 1969లో వచ్చిన ఆ పుస్తకం ప్రపంచమంతా చదివింది. అందులోని ఐదు దశలు, అంటే నమ్మకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోవడం అనేవి మీరు ఏదో ఒక రీల్‌లో చూసే ఉంటారు. నాకైతే ఆ ఐదు దశలకన్నా ఆ ముసలాయనే ఎక్కువ గుర్తుంటాడు. ఆయన వినేవాళ్ళ కోసం ఎదురు చూస్తున్నాడు. రోగికి తెలియదు, రోగి తట్టుకోలేడు అని అందరూ అనుకుంటున్నారు. ఆయనకి అన్నీ తెలుసు.

మరి 1961కి, 1979కి మధ్య ఏం మారింది? డాక్టర్ల మనసు ఒక్కసారిగా కరిగిపోయిందా అంటే, లేదు. బయట నుంచి ఒత్తిడి వచ్చింది.

మొదటిది మందులు. ఇక్కడ మన వాడొకడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948లో వచ్చిన ఆయన పేపర్‌లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని ఉంటుంది. మళ్ళీ తిరగబెట్టేది, కానీ అప్పటివరకు ఆ మాత్రం కూడా ఎవరూ చూడలేదు. కీమోథెరపీ చరిత్రలో అదొక మలుపు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుతున్నారు.

దీనికీ నిజం చెప్పడానికీ సంబంధం ఏంటి? ఆలోచించండి. చేతిలో మందు లేనప్పుడు అబద్ధం నడుస్తుంది. "పుండు పడింది, టానిక్ తాగండి" అంటే సరిపోతుంది. కానీ నెలల తరబడి సెలైన్‌లో మందు ఎక్కించి, జుట్టు ఊడిపోయి, వాంతులు అవుతుంటే, ఎన్నాళ్ళని అల్సర్ అంటారు? ట్రీట్‌మెంట్ మొదలైతే అబద్ధం నిలబడదు. పేషెంట్ సహకరించాలంటే పేషెంట్‌కి తెలియాలి.

రెండోది కోర్టులు. 1914లోనే న్యూయార్క్ జడ్జి కార్డోజో, బుద్ధి తెలిసిన ప్రతి మనిషికీ తన ఒంటికి ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని తీర్పు రాశాడు. 1957లో కాలిఫోర్నియాలో ఒక పేషెంట్‌కి ఒక పరీక్ష చేశాక కాళ్ళు పడిపోయాయి. ఆ ప్రమాదం ఉందని ముందు నాకు చెప్పలేదని కేసు వేశాడు. ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్, అంటే విషయం తెలిసి ఇచ్చే అంగీకారం అన్న మాట ఆ కేసుతోనే కోర్టుల్లోకి వచ్చింది. మూడోది పేషెంట్లే. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్, తనకి రొమ్ము క్యాన్సర్ అని, ఆపరేషన్ అయిందని దేశమంతటికీ చెప్పేసింది. ఎవిటాకి, ఈమెకి మధ్య పాతికేళ్ళు కూడా లేవు. 1980లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన నియమాల్లో, డాక్టర్ పేషెంట్‌తో నిజాయితీగా ఉండాలి అనే మాట చేర్చింది. 1847లో మొదలైన సంఘం అండి!

ఓకెన్ సర్వేలో ఇంకో ముక్క చెప్పడం మర్చిపోకూడదు. ఎందుకు చెప్పరు అని అడిగితే నాలుగింట మూడొంతుల మంది, మా అనుభవం అదే నేర్పింది అన్నారు. కానీ చెప్పి చూస్తేనే కదా, చెప్తే ఏమవుతుందో అనుభవంలోకి వచ్చేది? అదే డాక్టర్లని, మీకే వస్తే మీకు చెప్పాలా అని అడిగితే సగం మందికి పైగా చెప్పాలి అన్నారు. నాకు తెలియాలి, నా పేషెంట్‌కి వద్దు! మా ఆఫీసులో కోడ్ టెస్ట్ చేయకుండానే "ఇది మార్చితే అంతా కూలిపోతుంది" అనే సీనియర్లు ఉండేవాళ్ళు. వాళ్ళే గుర్తొచ్చారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ ఈ టాపిక్ ఎత్తితే వచ్చే మొదటి జవాబు, "అది వాళ్ళ కల్చర్ బాబూ, మనది వేరు. మనకి కుటుంబం ముఖ్యం." ఈ వాదనలో కొంత నిజం ఉంది, కొట్టిపారేయను. 1995లో లాస్ ఏంజెలెస్‌లో పెద్దవయసు వాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో, రోగికి క్యాన్సర్ సంగతి చెప్పాలి అన్న వాళ్ళు తెల్లజాతి అమెరికన్లలో 87 శాతం, కొరియన్ మూలాలున్న వాళ్ళలో 47 శాతమే. తేడా ఉంది. కానీ 1961లో ఆ తెల్ల అమెరికన్ల డాక్టర్లే తొంభై శాతం దాచేవాళ్ళు కదా! అప్పుడు వాళ్ళ కల్చర్ ఏమైంది? "ముందు బంధువులకి చెప్పు" అని 1847లో పుస్తకంలో రాసుకున్నది వాళ్ళే. జపాన్ చూడండి. చక్రవర్తి హిరోహితోకి 1987లో ఆపరేషన్ చేసి క్లోమగ్రంథి వాపు అని ప్రకటించారు. క్యాన్సర్ అని బయటికి చెప్పింది 1989 జనవరిలో ఆయన పోయాక. ఆయనకి కూడా చెప్పలేదు. అదే జపాన్‌లో ఆ తర్వాత పద్ధతి మారింది, ఇప్పుడు పేషెంట్‌కి చెప్పడం మామూలైపోయింది. మన కల్చర్, మన కల్చర్ అని మనం అంటున్నది నిజానికి ఒక దశ. అందరూ దాటిన దశే.

మా పెదనాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను బీటెక్ సెకండియర్‌లో ఉండగా ఆయనకి పొట్టలో క్యాన్సర్ అని తేలింది. ఒక ప్రైవేటు ఆస్పత్రి. డాక్టర్ గారు ఫైల్ తిరగేసి, ఆయన్ని బయట కూర్చోబెట్టి, మా నాన్ననీ అన్నయ్యనీ లోపలికి పిలిచారు. నిలబెట్టే చెప్పారు, రెండు నిమిషాలు. "పేషెంట్‌కి చెప్పాలా?" అని ఆయన అడిగితే "వద్దు సార్, భయపడిపోతాడు" అని మావాళ్ళు అన్నారు. అల్సర్ అని చెప్పారు. రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఏం కాదనుకున్నారు. కానీ ఫోన్ ఉందిగా. ఆయన మందు చీటీ మీద పేరుని ఒక్కో అక్షరం చూసి టైప్ చేసి వెతికాడు. వారం రోజులు ఎవరితోనూ ఏమీ అనలేదు. మేం ఆయన దగ్గర నటిస్తున్నాం, ఆయన మా దగ్గర నటిస్తున్నాడు. ఒక రాత్రి అన్నం తింటూ మా పెద్దమ్మని అడిగాడట. "నీకెప్పుడు తెలిసింది?" అని. జబ్బు గురించి కాదు, అది అడిగాడు.

ఇప్పుడైతే ల్యాబ్ వాళ్ళు రిపోర్టు పీడీఎఫ్‌ని నేరుగా పేషెంట్ వాట్సాప్‌కే పంపిస్తున్నారు. దాచుదామన్నా దాగదు. డాక్టర్ చెప్పకపోతే గూగుల్ చెప్తుంది. అది పక్కన కూర్చుని చెప్పదు.

చట్టం కూడా మన దగ్గర మారింది. ఢిల్లీలో ఒక మహిళ, వయసు 44, సమస్య ఏంటో కనుక్కునే పరీక్షకి ఒప్పుకుని వెళ్ళింది. మత్తులో ఉండగా డాక్టర్లు బయట ఉన్న ఆమె తల్లి సంతకం తీసుకుని గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదకి వచ్చిన ఎమర్జెన్సీ కాదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, ఇది చెల్లదు అంది. పేషెంట్ మేజర్, ఆలోచించగల మనిషి, మెలకువ వచ్చేదాకా ఆగి అడగాలి, తల్లి సంతకం ఆమె సంతకం కాదు అని. డాక్టర్ ఫీజు వదులుకుని, 25,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని తీర్పు. పోయిన దానికి ఆ మొత్తం ఎంత అనేది మీరే అనుకోండి. కానీ ఆ సూత్రం పెద్దది.

2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి అనేది సిలబస్‌లో భాగం అయింది. నడవడిక, నీతి, సంభాషణ అని మాడ్యూల్స్ ఉన్నాయి. అంతకు ముందు చదివిన వాళ్ళు సీనియర్ల వెనక రౌండ్స్‌కి తిరుగుతూ చూసి నేర్చుకున్నదే. మంచి సీనియర్ దొరికితే మంచి మాట, లేకపోతే లేదు.

డాక్టర్లని తిట్టడం ఈ ఎపిసోడ్ ఉద్దేశం కాదు. ప్రపంచంలో సగం జనాభా ఉన్న 18 దేశాల్లో ప్రైమరీ డాక్టర్ ఒక పేషెంట్‌తో గడిపే సమయం సగటున 5 నిమిషాలు, లేదా అంతకన్నా తక్కువ అని 2017లో ఒక పరిశీలన వచ్చింది. మన దేశం ఆ గుంపులోదే. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. స్వీడన్‌లో 22 నిమిషాల పైన. ఓపీ బయట వందమంది లైన్లో ఉంటే ఎవరు మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతారు? అయితే టైమ్ ఒక్కటే సమస్య అనుకోకండి. టైమ్ ఉన్న అమెరికాలో కూడా, 1984లో డాక్టర్ గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, పేషెంట్ తన బాధ చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే, సగటున, డాక్టర్ మధ్యలో అడ్డుపడ్డాడు.

మరి చెప్పేది ఎలా చెప్పాలి? 2000లో హ్యూస్టన్, టొరంటో డాక్టర్లు కొందరు కలిసి ఒక పద్ధతి రాశారు. స్పైక్స్ అంటారు. ఆరు మెట్లు. నాలాంటి వాడికి ఇది చూడగానే ప్రోటోకాల్ అనిపించింది, వాళ్ళు పెట్టిన పేరు కూడా అదే. ముందు తలుపు వేసిన గదిలో కూర్చో, నిలబడి చెప్పకు. తర్వాత, మీ జబ్బు గురించి మీకు ఏం తెలుసు అని అడుగు. ఆ తర్వాతదే అసలైన మెట్టు, మూడోది. మీరు ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు అని పేషెంట్‌నే అడగడం. నాలుగోది చెప్పడం, చిన్న ముక్కల్లో, తేలిక మాటల్లో. ఐదోది ఏడిస్తే ఏడవనివ్వడం. ఆరోది తర్వాత ఏం చేద్దామో మాట్లాడుకోవడం.

మూడో మెట్టు దగ్గర ఆగండి. చరకుడి భయం ఉంది చూశారా, చెప్తే దెబ్బ తగులుతుందని, దానికి జవాబు ఇక్కడ ఉంది. "నాకు వద్దు డాక్టర్ గారూ, మా అబ్బాయితో మాట్లాడండి" అని పేషెంటే అనొచ్చు. కొంతమంది అంటారు. అప్పుడు అబ్బాయితోనే మాట్లాడాలి. అదీ పేషెంట్ నిర్ణయమే. మొహం మీద నిజం కొట్టమని ఎవరూ అనడం లేదు. ఆ మనిషిని దాటుకుని పక్కవాడిని అడక్కండి, అంతే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే, డాక్టర్ మిమ్మల్ని పక్కకి పిలిచి "చెప్పాలా వద్దా" అని అడిగితే, ఈ ఒక్క మాట అనండి. "సార్, ఎంత తెలుసుకోవాలనుంది అని ఆయన్నే అడగండి. మేం పక్కనే కూర్చుంటాం." కుర్చీ కూడా ఒకటి అడగండి.

వచ్చే వారం ప్యారిస్ వెళ్దాం. 1816లో లెనెక్ అనే డాక్టర్ కాగితం చుట్టి ఒక అమ్మాయి గుండె చప్పుడు విన్నాడు, స్టెతస్కోప్ అలా పుట్టింది. ఉంటాను.